పూత మీద బేరం

చిత్తూరులో సాయంత్రం ఐదున్నర.
కోర్టు మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు.
గిరింపేట అవతల ఎక్కడో బెల్లం కాస్తున్నారు,
గాలి ఇటు తిరిగినప్పుడల్లా
బంతికి కూడా పాకం వాసన.

నేను బల్ల దగ్గర కూర్చుంటాను.
ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే:
పడితే రెండు, గీత అవతల నుంచి పడితే మూడు.
పడకపోవడానికి
నా పుస్తకంలో గడి లేదు.

పోయిన నెల తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో
ఆరు జట్లవాళ్లు కూర్చుని
పిలకాయల్ని వంతుల లెక్కన ఏరుకున్నారు.
మొదటి పేరు మునిశేఖర్, పుంగనూరు,
ఆరడుగుల ఐదంగుళాలు.
ఆఖరి పేరు జిలానీ, నగరి.
వాడి ఎత్తు చదివేలోగా
అందరూ లేచి పులిహోర దగ్గరికి పోయినారు.

ఇవి లెక్కలోకి రాని ఆటలు.
ఉత్త స్నేహపు పోటీలని
మైకులో మూడుసార్లు చెప్పినారు.
మైకు మాట ఎవురు వింటారు?

మొదటి ఆటలో మునిశేఖర్ ముప్పై ఒకటి.
"ఇంగేముందబ్బా, కప్పు మనదే" అని
టీకొట్టు దామోదరం నాయుడు
ఆ పూట ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు.
రెండో ఆటలో అదే మునిశేఖర్, నాలుగు.
అదే దామోదరం నాయుడు:
"ఊరికే పొడుగు పెరిగినాడు, కరెంటు స్తంభం."
టీ పన్నెండు రూపాయలు.

జిలానీని ఎవరూ ఏమీ అనలేదు.
రెండాటల్లో తొమ్మిది విసిరినాడు, ఒక్కటీ పడలేదు.
నా పుస్తకంలో వాడి వరస కడిగిన పలక.

పుస్తకం అంచున మాత్రం
పెన్సిలుతో కొన్ని గీసుకుంటాను, ఎవరికీ చూపను.
బంతిని చూడకుండా
అవతలి మనిషిని వీపుతో ఆపింది: పదకొండు.
కింద పడినవాణ్ణి లేపింది: ఆరు,
అందులో ఇద్దరు అవతలి జట్టు.
తప్పినాక ఆకాశంకేసి చూసింది: సున్నా.
ఈ సున్నా మంచిదో కాదో
నాకూ తెలీదు.

మా నాయన మామిడి తోటలు గుత్తకు పట్టేవాడు.
చలి తగ్గకముందే పోయి
చెట్టు కింద నిలబడి, ఒక కన్ను మూసి,
పూత చూసి ధర చెప్పేవాడు.
ఒక ఏడు దామలచెరువు దగ్గర
ఆకు కనపడనంత పూత.
అమ్మ గాజులు పెట్టి బయానా ఇచ్చినాడు.
మూడు రోజులు మంచు, ఆపైన తేనెమంచు పురుగు.
కాడలు మిగిలినాయి, నల్లగా.
అయినా మరుసటేడు
మళ్లీ ఒక కన్ను మూసినాడు.
"కాయ చూసి ధర చెప్పేదానికి
నేనెందుకురా, తక్కెడ చాలదా?"

నేనూ ఒకసారి ధర చెప్పినాను.
పీలేరు పిల్లోడు, గుర్రప్ప.
ఎంపిక చేసేవాళ్లు అడిగితే
రెండాటలు చూసి "చేతులు మెత్తన" అన్నాను.
అంతే, రెండు మాటలు.
మొన్న పలమనేరు బస్సులో కండక్టరుగా కనిపించినాడు.
మొగిలి ఘాటులో మలుపు మలుపుకీ అందరం ఒరిగిపోతుంటే
ఏమీ పట్టుకోకుండా నిలబడి టికెట్టిచ్చినాడు.
నేను చేతులే చూసినాను.
నన్ను గుర్తుపట్టలేదు.
పట్టినాడేమో కూడా.
చిల్లర మాత్రం సరిగ్గా ఇచ్చినాడు.

ఇప్పుడు మూడో ఆట, ఆఖరి నిమిషం.
జిలానీ చేతిలోంచి పదోది లేచింది.
గోడ మీది పిలకాయలు లేచి నిలబడినారు,
దామోదరం నాయుడు గ్లాసు కడగడం ఆపినాడు,
నేను పెన్ను మూత తీసినాను.
అందరి తలలూ పైకి.

రింగు కింద మునిశేఖర్ ఒక్కడే
బంతికేసి చూడకుండా
మోకాళ్లు వంచి, వెనక మనిషిని
వీపుతో ఆపి పట్టుకున్నాడు.
మొన్నటిదాకా వాడికిది రాదు.

పెన్ను కింద పెట్టి
పెన్సిలు కోసం తడుముకుంటున్నాను.